ఫోర్ స్క్వేర్ ఏంటెన్నా కోసం కోసిన కేబుల్ మూలనున్న వర్టికల్ దాకా అందడం లేదు: పొరపాటు ఎక్కడ?

ప్రశ్న (సింగరాయకొండ నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. రొయ్యల చెరువులను ఆనుకొని ఉన్న మా పొలంలో 40 మీటర్ల హామ్ రేడియో బ్యాండు కోసం నాలుగు వర్టికల్స్‌తో (నిలువు ఏంటెన్నాలతో) ఫోర్ స్క్వేర్, అంటే నాలుగు మూలల వైపుకూ దిక్కు తిప్పుకోగల చతురస్రపు అమరిక, నిలబెట్టాను. సరుగుడు గెడల వెంబడి రాగి తీగ కట్టాను. ఒక్కొక్కటి 10 మీటర్ల పైచిలుకు ఎత్తు ఉంటుంది. 7.1 మెగాహెర్ట్జ్ వద్ద పావు తరంగదైర్ఘ్యమైన 10.56 మీటర్లనే చతురస్రానికి భుజంగా తీసుకున్నాను. మొదట టీ కనెక్టర్లతో నాలుగు దారులుగా చీల్చి, పక్కనున్న రెండింటికి పావు తరంగం, ముందున్నదానికి అర తరంగం పొడవున కేబుల్ అదనంగా చేర్చాను. ముందుకూ వెనక్కూ ఒక్క ఎస్ యూనిట్ (రిసీవరు మీటరు మీద సిగ్నల్ బలం కొలత) తేడా కూడా రాలేదు. తరువాత హైబ్రిడ్ కప్లర్ (శక్తిని ఫేజ్ తేడాతో పంచే కాయిళ్ల పెట్టె) చుట్టుకొని, ఆర్‌జీ-213 కేబుల్‌ను వేగ గుణకం (కాంతి వేగంలో కేబుల్ లోపలి తరంగ వేగం ఎంత వంతో చెప్పే సంఖ్య) 0.66 చొప్పున 6.97 మీటర్ల ముక్కలుగా కోశాను. తీరా చూస్తే కేబుళ్లన్నీ కలిసే నడిమి పెట్టె నుంచి మూలకు 7.46 మీటర్లున్నది. ముక్క అతికి పొడిగించవచ్చునా, లేక గెడలను లోపలికి జరపాలా? ఇవన్నీ మాని, ఎనిమిది వర్టికల్స్‌తో వలయం వేయమని ఒక మిత్రులు అంటున్నారు. దయచేసి దారి చూపగలరు.

సమాధానం (కావలి నుంచి)

అయ్యా, ముక్క అతకవద్దు. ఆ కేబుల్ సరిగ్గా పావు తరంగం ఉండడానికి ఒక కారణం ఉన్నది; అది తెలిస్తే మీ మొదటి ప్రయత్నం ఎందుకు విఫలమైందో కూడా తెలుస్తుంది. నాలుగు వర్టికల్స్ పక్కపక్కన ఉన్నప్పుడు ఒకదాని ప్రభావం మరొకదాని మీద పడి, ఒంటరిగా కొలిచినప్పుడు ఒకేలా కనిపించిన ఇంపిడెన్సులు (రేడియో కరెంటుకు ఎదురయ్యే మొత్తం నిరోధాలు) ఫోర్ స్క్వేర్‌గా పని చేసేటప్పుడు మూడు రకాలుగా విడిపోతాయి. వెనుకనున్నదాని రెసిస్టెన్స్ దాదాపు సున్నాకు పడిపోతుంది, ఒక్కొక్కప్పుడు రుణాత్మకం కూడా అవుతుంది, అంటే ఆ వర్టికల్ తిరిగి కేబుల్‌లోకే శక్తిని పంపుతుంది. కేబుల్ చివర దాని సొంత ఇంపిడెన్సుకు సరిపడే లోడు ఉన్నప్పుడే పొడవుకు తగిన ఫేజ్ ఆలస్యం (తరంగం వెనుకబడే కోణం) వస్తుంది. ఇక్కడ ఆ లోడు లేదు కనుక, మీరు 90 డిగ్రీలని కోసిన కేబుల్ 90 డిగ్రీలు ఇవ్వలేదు.

పావు తరంగ కేబుల్‌కు ఒక సుగుణం ఉన్నది. దాని చివర ప్రవహించే కరెంటు, మొదట్లో ఇచ్చిన వోల్టేజిని కేబుల్ ఇంపిడెన్సుతో భాగిస్తే వచ్చినంతే ఉంటుంది, చివర ఎటువంటి లోడు ఉన్నా సరే. నాలుగింటికీ ఒకే కొలత పావు తరంగ కేబుళ్లు వేసి, కూడలి వద్ద వోల్టేజీలను 0, -90, -90, -180 డిగ్రీలుగా నిలిపితే, వర్టికల్స్‌లో కరెంట్లు అదే క్రమంలో వచ్చి తీరుతాయి. ఈ పద్ధతిని హామ్ రేడియో ఇంజినీరు రాయ్ లెవలెన్ (స్టేషను పేరు డబ్ల్యూ7ఈఎల్) వివరంగా రాశారు. ఏంటెన్నాలను కంప్యూటరులో లెక్కకట్టే ఆయన ఈజెడ్‌నెక్ ప్రోగ్రాము 2022 నుంచి ఉచితం కనుక, గెడలు కదిలించే ముందు అందులో ఒకసారి వేసి చూసుకోండి.

ఇక అందని అర మీటరు సంగతి. 0.66 గుణకం ఉన్న కేబుల్‌తో ఈ కొలతల ఫోర్ స్క్వేర్‌కు ఎప్పుడూ అందదు. ఇందులో మీ తప్పేమీ లేదు. ముప్పావు తరంగం పొడవున, అంటే 20.9 మీటర్లు కోసినా పని జరుగుతుంది కాని ఖర్చు మూడింతలు, పనిచేసే బ్యాండు వెడల్పు తక్కువ. నా సలహా: కేబుల్ టీవీ వాళ్లు వాడే 75 ఓమ్‌ల నురుగు కేబుల్, ఆర్‌జీ-6 లేదా ఆర్‌జీ-11, తెచ్చుకోండి. దాని వేగ గుణకం ఎక్కువ కనుక పావు తరంగం ముక్క మూలకు అందుతుంది. మీ 100 వాట్లను అది సులువుగా మోస్తుంది. పైన అల్యూమినియం అల్లిక ఉంటుంది, టంకం పట్టదు. బిగించే ఎఫ్ కనెక్టర్లే వేయండి. కొన్న ఆర్‌జీ-213 వృథా పోదు, ఇంటి నుంచి నడిమి పెట్టె దాకా దానినే వేయండి.

కేబుల్ తొడుగు మీద అచ్చు వేసిన గుణకాన్ని నమ్మి కోయకండి. 9 మీటర్లు కోసి, ఒక చివర వదిలేసి, రెండవ చివర నానో వీఎన్ఏకు (ఇంపిడెన్స్ కొలిచే చిన్న పరికరానికి) తగిలించి, ఇంపిడెన్స్ సున్నాకు దిగే అన్నిటికన్నా తక్కువ ఫ్రీక్వెన్సీ చూడండి. ఉదాహరణకు అది 6.85 మెగాహెర్ట్జ్ దగ్గర దిగితే, 9ని 6.85తో గుణించి 7.1తో భాగించండి, 8.68 మీటర్లు వస్తుంది. మూలకు అంది, పైన మీటరు మిగులుతుంది.

సమాధానం (నెల్లూరు నుంచి)

ఎనిమిది వర్టికల్స్ వలయం గురించి నాలుగు మాటలు. అది ప్రధానంగా 80, 160 మీటర్ల మీద వినడానికి వేసేది. ఒక్కో దిక్కుకు నాలుగు వర్టికల్స్ మాత్రమే పని చేస్తాయి, రిలేలు 45 డిగ్రీల చొప్పున దిక్కు మారుస్తాయి. వలయం వ్యాసార్థం తరంగదైర్ఘ్యంలో దాదాపు మూడవ వంతు. 80 మీటర్లకు సుమారు 27.5 మీటర్లు, అంటే వలయం ఒక్కటే 59 సెంట్ల నేల తింటుంది. అందులోని పొట్టి వర్టికల్స్ ఒకదానినొకటి పెద్దగా ప్రభావితం చేయవు కనుక, తమరు మొదట ఆశించిన కేబుల్ పొడవు లెక్క అక్కడ చక్కగా నడుస్తుంది. 40 మీటర్ల మీద పంపడానికీ వినడానికీ మాత్రం ఫోర్ స్క్వేరే మేలు. ఒంటి వర్టికల్ కన్నా 5 డెసిబెళ్లకు పైగా లాభం ఇస్తుంది.

చతురస్రం భుజాలు ఉత్తర దక్షిణాలకూ తూర్పు పడమరలకూ సమాంతరంగా ఉంటే మన ప్రాంతానికి బాగా కలిసివస్తుంది. కిరణం కర్ణం వెంబడి పోతుంది కనుక వాయవ్యానికి యూరప్, ఈశాన్యానికి జపాన్, ఆగ్నేయానికి ఆస్ట్రేలియా, నైరుతికి దక్షిణాఫ్రికా దొరుకుతాయి. మరొక హెచ్చరిక: హైబ్రిడ్ కప్లర్ ఉన్నప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్ (శక్తి ఎంత వెనక్కు తిరిగి వస్తున్నదో చూపే నిష్పత్తి) బాగున్నదని సంతోషించవద్దు. సరిపోని శక్తినంతా కప్లర్‌కు తగిలించిన డమ్మీ రెసిస్టరు వేడిగా మార్చి మింగి, మీటరును మభ్యపెడుతుంది. ఆ రెసిస్టరు వద్దనే వాట్లు కొలవండి.

మళ్లీ అడిగినవారు (రెండు వారాల తరువాత)

తమరు చెప్పినట్లే టీవీ కేబుల్ వేశాను. 100 వాట్లు ఇస్తే డమ్మీలోకి ఒక దిక్కున 30, మిగతా దిక్కుల్లో 15 నుంచి 20 పోయాయి, ఎస్‌డబ్ల్యూఆర్ మాత్రం 1.2. ఒక్కొక్క వర్టికల్‌నే, మిగతా మూడింటినీ అడుగున విప్పి, కొలిచాను. మూడు 45 ఓమ్‌ల దగ్గర ఉండగా ఆగ్నేయపుది 62 చూపింది. మట్టి తవ్వి చూస్తే, దుక్కి దున్నినప్పుడు ట్రాక్టరు దాని రేడియల్స్‌లో (అడుగు నుంచి నేలలో చుట్టూ పరచిన తీగల్లో) సగానికి పైగా తెంపి పోయింది. చివరలు పచ్చగా చిలుముపట్టి ఉన్నాయి. ఈసారి తొడుగున్న తీగ వేసి, జాన లోతున పూడ్చాను. ఇప్పుడు ఏ దిక్కున చూసినా 5 వాట్లకు మించడం లేదు. సాయంత్రం యూరప్ స్టేషనును వింటూ దిక్కు వెనక్కు తిప్పితే ఎస్-మీటరు మూడు యూనిట్లు పడిపోతోంది.

సమాధానం (కావలి నుంచి)

చాలా సంతోషం. చెరువులకు నీళ్లు పెట్టినప్పుడూ, కార్తీకం వానలు తగ్గాకా నాలుగింటినీ మరొకసారి ఇలాగే విడివిడిగా కొలిచి, అంకెలు ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. రిలే పెట్టెను నేల మీద ఉంచకుండా గట్టు ఎత్తుకు లేపి, కేబుళ్లను కింది వైపు నుంచే లోపలికి తీసుకోండి.