ఘానా యాత్ర: ఎల్మినా, కేప్ కోస్ట్ కోటలకు ఒక పూట సరిపోతుందా?

ప్రశ్న:
నమస్కారం. జనవరిలో వారం రోజులు ఘానా వెళ్తున్నాము. అక్రా నుంచి తెల్లవారుజామున బయలుదేరి కేప్ కోస్ట్, ఎల్మినా కోటలు, కాకుమ్ అడవి చూసుకొని రాత్రికి తిరిగి వచ్చేలా మా ట్రావెల్స్ వారు ఏర్పాటు చేశారు. మాతో పన్నెండేళ్ల పాప ఉంది. ఇది వీలవుతుందా? కుమాసీ కూడా చూడాలా?

జవాబు 1:
దూరం సుమారు 150 కిలోమీటర్లే కాబట్టి వీలవుతుంది కానీ, అలా చేయవద్దని నా మనవి. ఎల్మినా కోటను 1482లో పోర్చుగీసువారు బంగారం వ్యాపారం కోసం కట్టారు. 1637లో డచ్చివారు దానిని పట్టుకున్నారు, ఆ తరువాత అక్కడి నుంచి బానిసల ఎగుమతి బాగా పెరిగింది. కేప్ కోస్ట్ కోటలో బానిసలుగా అమ్మబోయే మగవారిని బంధించిన నేలమాళిగకు పైనే ప్రార్థనామందిరం ఉండేది. గైడు దీపం ఆర్పినప్పుడు, గోడలో ఎంతో ఎత్తున ఉన్న కంత నుంచి పడే వెలుతురు తప్ప మాకేమీ కనిపించలేదు. అక్కడి నుంచి, బానిసలను ఓడలెక్కించడానికి నడిపించిన 'తిరిగిరాని ద్వారం' దాటితే రంగురంగుల పడవలు, వలలు బాగుచేసుకుంటున్న జాలరులు కనిపించారు. ఆ తరువాత వేరే ఏదీ చూడాలనిపించలేదు. అందువల్ల ముందురోజే కాకుమ్‌లో చెట్ల కొమ్మల నడుమ కట్టిన ఏడు వేలాడే వంతెనలు నడిచి, ఆ రాత్రి కేప్ కోస్ట్‌లో బస చేయండి. పాపకు విషయం ముందే చెప్పి తీసుకెళ్లండి.

మన కోరమాండల్ తీరంలో నేసిన నూలుబట్టలు కూడా ఐరోపా కంపెనీల ఓడల్లో ఆ తీరానికి చేరి, మనుషులను కొనే మారకపు సరుకు అయ్యాయి. అది తెలిశాక ఆ కోటలు నాకు పరాయివిగా అనిపించలేదు.

జవాబు 2:
పై మాటలతో ఏకీభవిస్తూనే, కుమాసీ వదలవద్దని అంటాను. అది అషాంటీ జాతివారి రాజధాని. ఆ అషాంటీ రాజ్యం యుద్ధఖైదీలను తీరంలోని బానిస వ్యాపారులకు అమ్మిన మాట నిజమే, అదే రాజ్యం బ్రిటిషువారిని దశాబ్దాల పాటు ఎదిరించిన మాటా నిజమే. తమ జాతి ఆత్మగా కొలిచే, రాజు సైతం కూర్చోని బంగారు పీఠాన్ని 1900లో బ్రిటిషు గవర్నరు తనకిమ్మని అడిగినప్పుడు, కుమాసీ దగ్గరి ఎజిసు ఊరి రాజమాత యా అసాంతెవా యుద్ధానికి నాయకత్వం వహించింది. ఆమెను సీషెల్స్ దీవులకు పంపించివేశారు, పీఠం మాత్రం వారికి చిక్కలేదు. ఆరు వారాలకొక ఆదివారం కుమాసీలోని మాన్‌హియా రాజప్రాసాదంలో అక్వాసిదాయె ఉత్సవం జరుగుతుంది, మీ తేదీలు దానికి కలిసేలా చూసుకోండి.

జవాబు 3:
ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు రంగు ధ్రువపత్రం పుస్తకం మన విమానాశ్రయంలో తిరిగి దిగేటప్పుడు కూడా అడుగుతారు, కాబట్టి చేతిసంచిలోనే ఉంచుకోండి.