లారీ చక్రాల నట్లకు గాలి గన్ను బలం చాలడం లేదు: లోపం గన్నులోనా, గాలిలోనా?

ప్రశ్న (ఆకివీడు, టైర్ల షాపు)

అందరికీ నమస్కారం. భీమవరం రోడ్డులో లారీ టైర్ల షాపు నడుపుతున్నాను. రెండేళ్ల క్రితం ఒక అంగుళం మొన ఉన్న గాలి గన్ను (గాలి బలంతో దెబ్బలు కొడుతూ నట్లు విప్పే, బిగించే పనిముట్టు) కొన్నాను. కొత్తలో పది నట్ల చక్రాన్ని టీ చల్లారేలోగా విప్పేసేది. ఇప్పుడు ట్రిగ్గరు నొక్కగానే ఒక్క క్షణం దెబ్బ గట్టిగా పడి, ఆ వెంటనే పలచబడిపోతోంది. వదిలి కాసేపు ఆగి మళ్లీ నొక్కితే మళ్లీ అదే వరస. చివరికి మా కుర్రాడు పానాకు పొడవాటి పైపు తొడిగి, దాని మీద నిలబడవలసి వస్తోంది.

కంప్రెసర్ 5 హార్స్‌పవర్‌ది. ట్యాంకు మీటరు 120 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గరే ఉంటుంది. అక్కడి నుంచి గన్ను దాకా 15 మీటర్ల అర అంగుళం పైపు వేశాను. పొద్దున్నే మొదలుపెడితే గన్ను గాలి వదిలే రంధ్రంలోంచి నీటి చుక్కలు పడతాయి. గన్ను లోపల తిరిగే బ్లేడ్లు అరిగిపోతాయేమోనని వారానికోసారి ఇంజన్ ఆయిల్ పోస్తున్నాను. కొత్త గన్ను కొనమని ఒకరు సలహా ఇచ్చారు.

ఇంకొక సంగతి కూడా అడగాలి. మేము బిగించి పంపిన రొయ్యల లారీకి రెండు నట్లు వదులయ్యాయని డ్రైవరు వెనక్కి వచ్చాడు. అదే వారంలో మరో బండికి బిగిస్తుండగా స్టడ్ (నట్టు ఎక్కే మర కడ్డీ) తెగింది. ఒకే గన్ను ఒకచోట తక్కువగా, ఇంకోచోట ఎక్కువగా ఎలా బిగిస్తుంది?

జవాబు 1 (తణుకు, కంప్రెసర్ల మరమ్మతు)

కొత్త గన్ను ఆలోచన పక్కన పెట్టి, ముందు ఒక చిన్న ప్రెషర్ మీటరు కొనండి. దానిని గన్నుకు, పైపుకు మధ్య బిగించి, ట్రిగ్గరు నొక్కి పట్టుకుని చూడండి. ట్యాంకు మీద కనిపించే 120 నిలిచి ఉన్న గాలి ఒత్తిడి మాత్రమే. గన్ను తిరుగుతున్నప్పుడు దాని మూతి దగ్గర 90 పీఎస్ఐ, అంటే సుమారు 6.2 బార్, నిలవాలి. మొదటి క్షణం గట్టిగా కొట్టి తర్వాత నీరసించడమంటే, పైపులో నిలవ ఉన్న గాలి అయిపోగానే వెనక నుంచి రావలసినది సరిపడా రావడం లేదన్నమాట. ట్యాంకు మీటరు పడిపోవడం లేదని మీరే రాశారు కాబట్టి, కంప్రెసర్‌ను అనుమానించే ముందు పైపును అనుమానించాలి.

ఒక అంగుళం గన్నుకు ముప్పావు అంగుళం పైపు ఉండాలి. అర అంగుళంతో పోలిస్తే దాని లోపలి వైశాల్యం రెండుంపావు రెట్లు. పైపు మార్చి పాత కప్లింగే (పైపును గన్నుకు కలిపే జోడింపు) ఉంచేస్తే మాత్రం డబ్బు దండగే, ఎందుకంటే చిన్న కప్లింగుల లోపలి రంధ్రం చాలాసార్లు పావు అంగుళం కూడా ఉండదు. ట్యాంకు ఒత్తిడి ఇంకా పెంచితే సరిపోతుందని మాత్రం అనుకోవద్దు. లారీ టైర్లలో గాలి నింపడానికి అది అవసరం కావచ్చు గానీ, తేలిక పనిలో ఆ ఒత్తిడంతా గన్ను లోపల దెబ్బ కొట్టే సుత్తుల మీదే పడుతుంది.

ఇక నీటి సంగతి. మన వైపు వానాకాలంలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ మామూలే. అలాంటి గాలి ఒక ఘనమీటరులో దాదాపు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. దానిని ఎనిమిదో వంతుకు నొక్కి, మళ్లీ 30 డిగ్రీలకు చల్లారనిస్తే, ఆ కొద్ది చోటులో నాలుగు గ్రాములకు మించి ఆవిరి నిలవదు. మిగిలిన ఇరవై గ్రాములూ నీరై ట్యాంకు అడుగుకు, పైపులోకి దిగుతాయి. కొల్లేటి పక్కన షాపు పెట్టుకుని రోజూ సాయంత్రం ట్యాంకు అడుగు కుళాయి తిప్పకపోతే, మీ గన్ను గాలితో పాటు నీటిని కూడా తాగుతున్నట్టే. నీటిని పట్టే ఫిల్టరును కంప్రెసర్ మీదనే బిగించకండి. అక్కడ గాలి ఇంకా వేడిగా ఉండి నీరు ఆవిరిగానే దాటిపోతుంది. గాలి చల్లబడిన చోట, గన్ను పైపు మొదలయ్యే దగ్గర పెట్టండి.

జవాబు 2 (పాలకొల్లు, గాలి పనిముట్ల మరమ్మతు)

పైన చెప్పినదంతా నిజమే గానీ, గన్ను పూర్తిగా నిర్దోషి అని నేను అనను. ఇంజన్ ఆయిల్ పోస్తున్నానన్న మాట దగ్గరే ఆగిపోయాను.

రోటరు (గన్ను లోపల గాలికి తిరిగే భాగం) చీలికల్లో ఉండే పలచని బ్లేడ్లు తిరిగే వేగానికి బయటికి జారి, సిలిండరు గోడకు ఆనుకుంటేనే గాలి వాటిని నెట్టగలదు. ఇంజన్ ఆయిల్ చిక్కన. నీటితో, తుప్పుతో కలిస్తే జిగురవుతుంది. కిందటి వర్షాకాలంలో నా బల్ల మీద విప్పిన ఒక గన్నులో ఆరు బ్లేడ్లకు నాలుగు చీలికల్లోనే అతుక్కుని ఉన్నాయి. గోరుతో గీకితే తాటిబెల్లం పాకంలాంటి ముద్ద వచ్చింది. ఒక బ్లేడు అంచు నానిన అట్టముక్కలా పొరలు విడిపోయింది. ఆ గన్ను యజమాని కూడా కొత్తది కొనడానికి సిద్ధపడినవాడే. బ్లేడ్ల సెట్టు మార్చి, శుభ్రం చేస్తే లేచి నిలబడింది.

గాలి పనిముట్లకని అమ్మే పలచని ఆయిల్ తెచ్చుకుని, ఉదయం పని మొదలుపెట్టే ముందు పైపు విప్పి నాలుగైదు చుక్కలు గాలి వచ్చే రంధ్రంలో వేయండి. రాత్రి ముగించేటప్పుడు మళ్లీ వేసి ఐదారు సెకన్లు తిప్పి పెట్టండి. నిజానికి ఉదయం చుక్కల కంటే రాత్రి చుక్కలే ముఖ్యం, ఎందుకంటే తుప్పు పట్టేది గన్ను ఊరికే పడుకున్నప్పుడు. కిరసనాయిలుతో కడిగే అలవాటు చాలామందికి ఉంది. అది జిగురుతో పాటు ఆయిల్ పొరను కూడా తీసేస్తుంది కాబట్టి కడిగిన వెంటనే ఆయిల్ వేయాలి. పంక్చర్ అతికించే హీటరు దగ్గర మాత్రం ఆ పని చేయవద్దు, లోపలి కిరసనాయిలు తుంపరగా బయటికి చిమ్ముతుంది. సుత్తుల భాగం వేరు. గాలి రంధ్రంలో వేసిన ఆయిల్ సాధారణంగా అక్కడికి చేరదు. దానికి గ్రీజా, ఆయిలా అన్నది గన్నుతో వచ్చిన కాగితం చూసి వేయాలి.

జవాబు 3 (భీమవరం, లారీల మెకానిక్)

మీ చివరి ప్రశ్నకు నేను చెబుతాను. గన్ను బిగింపును కొలవదు. ఎంతసేపు నొక్కారు, గాలి ఎంత వచ్చింది, మర ఎలా ఉంది అన్నదాన్ని బట్టి బిగుస్తుంది. రొయ్యల బండ్లలో ఐసు నీళ్లు, ఉప్పునీళ్లు కారి మర తుప్పు పట్టి ఉంటే, దెబ్బ బలమంతా ఆ రాపిడికే ఖర్చయి, చక్రాన్ని పట్టే బిగువు తక్కువవుతుంది. అదే స్టడ్‌కు ఎవరో గ్రీజు పూసి ఉంటే, అన్నే దెబ్బలకు స్టడ్ సాగి తెగుతుంది. కాబట్టి ముందు తీగ బ్రష్‌తో మర శుభ్రం చేసి, నట్టును చేత్తో నాలుగు చుట్లు ఎక్కించి, గన్నుతో తేలికగా ఆనించి, చివరి బిగింపు టార్క్ రెంచితోనే (బిగింపు బలాన్ని కొలిచే పానా) ఎదురెదురు నట్ల వరసలో ఇవ్వండి. కొలత బండి పుస్తకంలో ఉంటుంది. భారీ లారీలకు 600 న్యూటన్ మీటర్ల ప్రాంతం మామూలు, అంటే మీటరు పొడవు పానా చివర అరవై కిలోల మనిషి వేలాడినంత.

వదులైన బండికి బ్రేకు డ్రమ్ముకు, చక్రం డిస్కుకు మధ్య పెచ్చులుగా తుప్పో, పెయింటో ఉండి ఉంటుంది. నాలుగు గతుకులకు అది నలిగి చోటు ఇస్తుంది. అందుకే చక్రం విప్పి బిగించిన ప్రతి బండినీ 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూపించమని మేము చీటీ రాసి ఇస్తాం. డ్రైవర్లలో సగం మంది దానిని బీడీల పొట్లంలో పెట్టుకుని మరచిపోతారు, అది వేరే సంగతి. మెరిసే క్రోము సాకెట్లు గన్నుకు తొడగవద్దు, పగిలి ముక్కలు ఎగురుతాయి. నల్లటి ఇంపాక్ట్ సాకెట్లే వాడండి. కుర్రాడి చెవులకు కూడా ఏదైనా పెట్టించండి. పాత లారీల్లో కొన్నింటికి ఎడమవైపు చక్రాలకు ఎడమ మర, అంటే మామూలుకు ఎదురు దిక్కులో తిప్పితే విడేది, ఉంటుందని గుర్తుంచుకోండి.

ప్రశ్న వేసినవారి తిరుగు సమాధానం

ముగ్గురికీ ధన్యవాదాలండి. మీటరు పెట్టి చూస్తే, గన్ను తిరుగుతున్నప్పుడు ముల్లు 55కు పడిపోయింది. ముప్పావు అంగుళం పైపు, పెద్ద కప్లింగులు వేశాక 85 దగ్గర నిలుస్తోంది. ట్యాంకు అడుగు కుళాయి తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటే, గాలంతా వదిలేసి మార్చాను. ఐదు లీటర్ల ఆయిల్ డబ్బా నిండా టీ రంగు నీళ్లు వచ్చాయి. గన్ను విప్పించాను; రెండు బ్లేడ్లు అతుక్కుని, ఒకటి మూల విరిగి ఉంది. సెట్టు మార్చాం. టార్క్ రెంచి ఇంకా కొనలేదు, ప్రస్తుతానికి తెలిసినవారి దగ్గర అడిగి తెచ్చుకుంటున్నాను.

నిన్న ఒక పాత లారీ ఎడమవైపు నట్టు ఎంతకీ కదలడం లేదని కుర్రాడు గన్నుతో ఇంకాస్త గట్టిగా కొట్టబోతుంటే ఆపి, స్టడ్ చివర గుడ్డతో తుడవమన్నాను. తుప్పు కింద ‘ఎల్’ అక్షరం కనిపించింది. వాడు విప్పుతున్నాననుకుని అప్పటిదాకా బిగిస్తున్నాడు.