జ్వరం పోయింది, తిమ్మిర్లు పోలేదు. ఇది మనసు పనేనా?

ప్రొద్దుటూరు అక్క:
2022 జనవరిలో కోవిడ్ వచ్చింది. వారంలో జ్వరం తగ్గింది గానీ కాళ్లలో సూదులు గుచ్చినట్టుండటం, నిలబడితే కళ్లు తిరగడం ఏడాది దాటినా పోలేదు. పోపులో ఆవాలు వేసి, తర్వాత ఏం వేయాలో గుర్తురాక గరిటె పట్టుకుని అట్లే నిలబడిపోతాను. ఒక డాక్టరు దగ్గరికి పోతే నాడి కూడా పట్టి చూడకుండా 'అంతా టెన్షనమ్మా' అని నిద్రమాత్రలు రాశాడు. 'నేనప్పుడే అనుకున్నా, ఏం లేదని' అంది మా అత్త. తిమ్మిర్ల కంటే ఆ మాటే ఎక్కువ బాధ పెట్టింది. నిజంగా మనసు వల్లే ఇట్లా అవుతుందా?

బురుజు దగ్గర (కర్నూలు, ఫిజియోథెరపీ):
చూడకుండా చెప్పడం తప్పే అక్కా. అట్లని మనసుకు సంబంధమే లేదంటే నేను ఒప్పుకోను. సుమారు 55 వేల మందితో హార్వర్డ్ వాళ్లు చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. కోవిడ్ సోకకముందే దిగులు, ఆందోళన, ఒంటరితనం లాంటివి ఉన్నవాళ్లకు లక్షణాలు మిగిలిపోయే ముప్పు 32 నుంచి 46 శాతం ఎక్కువని తేలింది.

నేను రోజూ చూసేది ఒకటి చెప్తాను. కాలు పడిపోయిందని వస్తారు. పడుకోబెట్టి 'మడమను మంచానికి అదమండి' అంటే అదమలేరు. అదే మడమ కింద నా చెయ్యి పెట్టి, రెండో కాలు పైకెత్తమంటాను. అప్పుడు కొందరిలో ఆ 'పడిపోయిన' కాలి మడమ నా చేతిని గట్టిగా నొక్కుతుంది. దీన్ని హూవర్ గుర్తు అంటారు. నరం బాగానే ఉంది, కండ బాగానే ఉంది, మెదడు ఆ కాలిని నడిపించే తీరు తప్పింది. వాళ్లు నటించడం లేదు. ఆ గుర్తును వాళ్లకే చూపించి, ఓపికగా నడక మళ్లీ నేర్పితే కోలుకున్నవాళ్లున్నారు.

గడియారస్తంభం (అనంతపురం):
తమ్ముడూ, అదే అధ్యయనంలో లక్షణాలు మిగిలినవాళ్లలో 40 శాతం కంటే ఎక్కువమందికి ముందు ఏ దిగులూ లేదని కూడా ఉంది. అది ఎందుకు వదిలేశావు?

లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో 1955లో దాదాపు 300 మంది సిబ్బంది అంతుచిక్కని జబ్బున పడ్డారు. 1970లో ఇద్దరు సైకియాట్రిస్టులు రోగులను చూడకుండా, పాత కేసు కాగితాలు చదివి అది హిస్టీరియా, అంటే మనసు వల్ల వచ్చిందే అని తేల్చారు. ఎక్కువమంది ఆడవాళ్లే కావడం వాళ్లు చూపిన కారణాల్లో ఒకటి! 2006లో చికున్‌గున్యా మన జిల్లాలను పట్టి పీడించినప్పుడు మా చెల్లెలు నెలల తరబడి కీళ్లు పట్టేసి లేవలేకపోయింది. బద్ధకమని నేనే తిట్టాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

బురుజు దగ్గర:
ఆ 40 శాతం మాట వదిలేయడం నా పొరపాటే సార్. కానీ 'మనసు' అనగానే 'అబద్ధం' అని వినిపిస్తోంది చూడండి, నా బాధంతా అక్కడే. నేను చెప్పిన కాలి జబ్బుకు వెనక మానసిక ఒత్తిడి ఉండి తీరాలన్న షరతును అమెరికా సైకియాట్రిస్టుల మాన్యువల్ 2013లోనే తీసేసింది. పరీక్షలో దొరికే గుర్తులను బట్టే నిర్ధారించాలి.

అక్కా, ముందు బి12, షుగర్, థైరాయిడ్ చూపించుకోండి. తిమ్మిర్లకు అవి మామూలు కారణాలే. ఇంకొకటి, కాసేపు పడుకుని నాడి లెక్కపెట్టుకోండి. తర్వాత పక్కన ఎవరినైనా పెట్టుకుని పది నిమిషాలు నిలబడి మధ్యమధ్యలో మళ్లీ లెక్కపెట్టండి. నిమిషానికి 30 లేదా అంతకంటే ఎక్కువ పెరిగితే కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. నిలబడితే గుండె మరీ వేగంగా కొట్టుకునే పాట్స్ అనే జబ్బు ఉందేమో వాళ్లు చూస్తారు.

ప్రొద్దుటూరు అక్క:
నాకు భయం లేదని అనను తమ్ముడూ, రాత్రిళ్లు నిద్ర పట్టదు. కానీ ఆ భయం తిమ్మిర్ల తర్వాత వచ్చింది, ముందు కాదు.

మా పాప గడియారం పట్టుకుని లెక్కపెట్టింది. పడుకున్నప్పుడు 78, నిలబడిన ఎనిమిదో నిమిషానికి 116. సోమవారం వేరే డాక్టరు దగ్గరికి పోతున్నాను. ఆ కాగితం మా అత్తకు కూడా చూపించాను. ఏమీ అనలేదు. కుర్చీ తెచ్చి పొయ్యి పక్కన వేసింది.