మిత్రదేశం ఓటింగ్‌కు దూరంగా ఉంటే అది చెయ్యివ్వడమేనా?

రాత్రిడెస్క్:
పేపర్లో అంతర్జాతీయ పేజీ నాది. నిన్న రాత్రి ఐక్యరాజ్యసమితి తీర్మానం వార్తకి "చెయ్యిచ్చిన మిత్రదేశం" అని హెడ్డింగ్ పెట్టాను. దౌత్యవేత్తలు పది రోజులు చుట్టూ తిరిగినా ఆ దేశం ఎటూ ఓటెయ్యలేదు మరి. మా సీనియర్ హెడ్డింగ్ కొట్టేసి, "అసలు వీళ్లు వాళ్లని ఏమడిగారో నీకు తెలుసా?" అన్నారు. తెలియదు. మద్దతు అడగడమంటే లోపల ఏం అడుగుతారు? ఆ పని దగ్గర్నుంచి చూసినవాళ్లుంటే చెప్పండి.

మూడోవరస:
నా మటుకు మీ హెడ్డింగ్ సరైనదే. 2022 మార్చి 2న ఉక్రెయిన్ తీర్మానానికి సర్వప్రతినిధి సభలో 141 దేశాలు ఓటేశాయి, 5 కాదన్నాయి, 35 దూరంగా ఉన్నాయి. ఆ 35 దేశాలూ పక్కకి తప్పుకున్నట్టే కదా? స్నేహితుడన్నాక అవసరానికి నిలబడాలి.

పాతనోట్‌టేకర్:
మీ సీనియర్‌గారు అడగాల్సిందే అడిగారు. నేను ఒక రాయబార కార్యాలయంలో పదకొండేళ్లు చేశాను. రాయబారి పక్కన కూర్చుని ఎదుటివాళ్లన్నది పొల్లుపోకుండా రాసుకోవడం నా పని.

ముందు అది ఏ సభో చూడండి. భద్రతా మండలిలో 15కి 9 ఓట్లు అనుకూలంగా పడాలి. కాబట్టి తాత్కాలిక సభ్యదేశం దూరంగా ఉంటే ఒక ఓటు తగ్గినట్టే. వీటో, అంటే ఒక్క ఓటుతో తీర్మానాన్ని ఆపేసే హక్కు, ఉన్న దేశం దూరంగా ఉందంటే మాత్రం దారి వదిలినట్టు. సర్వప్రతినిధి సభలో ముఖ్యమైన విషయాలకి మూడింట రెండొంతులు కావాలి గానీ, దూరంగా ఉన్నవాళ్లు ఆ లెక్కలోకి రారు. అంచేత కాదనబోయే మిత్రుణ్ణి దూరంగా ఉండేలా ఒప్పించినా చాలా పని అయినట్టే. ఒక్కోసారి అడిగేదే అది.

1990లో కువైట్‌ని ఇరాక్ ఆక్రమించినప్పటి విషయం చూడండి. ఇరాక్‌ని బలంతో వెళ్లగొట్టడానికి అనుమతిచ్చే తీర్మానం కోసం అమెరికా విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ వారాల తరబడి మండలి సభ్యదేశాల మంత్రుల్ని కలుస్తూ తిరిగారు. 'బలప్రయోగం' అని నేరుగా రాయడానికి సోవియట్ మంత్రి షెవర్ద్‌నాద్జే ఒప్పుకోలేదు. 'అవసరమైన అన్ని మార్గాలు' అన్న మాట దగ్గర కుదిరింది. నవంబరు 29న 678వ తీర్మానానికి 12 ఓట్లు వచ్చాయి. క్యూబా, యెమెన్ కాదన్నాయి, చైనా దూరంగా ఉంది. 1989లో బీజింగ్ తియానన్మెన్ చౌక్‌లో నిరసనకారుల్ని సైన్యంతో అణచివేశాక అమెరికా చైనాతో పైస్థాయి రాకపోకలు ఆపేసింది. అలాంటిది ఓటింగ్ మర్నాడే చైనా మంత్రి చియన్ చీచెన్ వాషింగ్టన్‌లో అధ్యక్షుడు బుష్‌ని కలిశారు. యెమెన్‌కి అమెరికా సాయం దాదాపు 7 కోట్ల డాలర్లు ఆగిపోయింది. ఆ పేద దేశం మీద అది చాలా కఠినం అనే నేనంటాను.

ఇక నేను చూసింది. దేశాల పేర్లు చెప్పను. మిత్రదేశం విదేశాంగ శాఖకి వెళ్లాం. మా రాయబారి చేతిలో ఒకటిన్నర పేజీ కాగితం. పైన ముద్ర లేదు, కింద సంతకం లేదు. దాన్ని నాన్‌పేపర్ అంటారు, రేపు ఎవరూ మాది అని ఒప్పుకోనక్కర్లేదు. అవతలి డైరెక్టర్‌గారు కాఫీ చల్లారిపోతున్నా ముట్టకుండా రెండుసార్లు చదివి, పెన్సిల్‌తో 'ఖండిస్తోంది' కింద ఒక్క గీత గీశారు. "ఇది 'తీవ్ర విచారం వ్యక్తం చేస్తోంది' అని మార్చండి, మీతోపాటు మేమూ ప్రతిపాదిస్తాం. ఇలాగే ఉంటే మా పార్లమెంటుకి జవాబు చెప్పుకోలేం" అన్నారు. ఆ రాత్రే మా రాజధానికి టెలిగ్రాం పంపాం. మావాళ్లు ఆ పదం మార్చలేదు. వాళ్లు ఓటింగ్‌కి దూరంగా ఉన్నారు. మర్నాడు మా పత్రికలన్నీ వాళ్లనే తిట్టాయి. మేమే ఒక మాట దగ్గర మిత్రుణ్ణి పోగొట్టుకున్నామని నేనిప్పటికీ అనుకుంటాను.

మూడోవరస:
ఆ సంగతి బయటివాళ్లకి ఎలా తెలుస్తుంది?

పాతనోట్‌టేకర్:
ఓటు వివరణ చదవండి. ఓటింగ్‌కి ముందో తర్వాతో ఆ దేశం ప్రతినిధి ఎందుకలా చేశారో చెబుతారు, అది రికార్డులో ఉంటుంది. ముసాయిదా మొదటి ప్రతి, చివరి ప్రతి పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరి కోసం ఏ మాట మారిందో కూడా కొంత పట్టుకోవచ్చు.

రాత్రిడెస్క్:
ఇప్పుడే వెతికి చదివాను. రెండో పేరాలోనే ఉంది, తీర్మానం ఉద్దేశంతో పేచీ లేదు, ఒక్క వాక్యం మీదే అభ్యంతరమని. నిన్న ఇది చూడకుండానే హెడ్డింగ్ పెట్టాను, తప్పే. రేపు దీని మీద బాక్స్ ఐటమ్ ఇస్తున్నాను. నాన్‌పేపర్‌కి తెలుగులో ఏం రాయమంటారు?

పాతనోట్‌టేకర్:
'సంతకం లేని కాగితం' అని రాయండి. అందరికీ అర్థమవుతుంది.