చామనఛాయ ముఖంపై మొటిమల మచ్చలకు కెమికల్ పీల్ చేయించడం సబబేనా?

మంజీర:
మా చెల్లెలికి ఇంటర్ చదివేటప్పుడు మొదలైన మొటిమలు ఇరవై మూడేళ్లు వచ్చినా తగ్గలేదు. బుగ్గల మీద ఇప్పటికీ కొత్తవి వస్తూనే ఉన్నాయి. పాతవి మానిన చోట నల్లమచ్చలు, కణతల దగ్గర సూదితో పొడిచినట్లున్న సన్నని గుంటలు మిగిలాయి. మాఘమాసంలో పెళ్లి నిశ్చయమైంది. ఆరు సిట్టింగుల కెమికల్ పీల్ ప్యాకేజీ తీసుకుంటే ముఖం పూర్తిగా నునుపవుతుందని, ఈ వారంలోనే డబ్బు కడితే తగ్గింపు ఇస్తామని హైదరాబాద్‌లోని ఒక కాస్మెటిక్ క్లినిక్‌వారు చెప్పారు. ముఖానికి ఆమ్లం పూసి పైపొరను ఊడదీసే చికిత్స మన ఎండలకూ మన చర్మపు రంగుకూ తగినది కాదని నా అభిప్రాయం. ఇంట్లో మిగతావారు ఒప్పుకోవడం లేదు. చేయించుకున్నవారు, ఈ వైద్యం తెలిసినవారు తమ వాదన కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పెన్నాతీరం:
మంజీర గారూ, ఆమ్లం అనగానే భయపడనక్కరలేదండీ. చర్మరంధ్రంలో మృతకణాలు, జిడ్డు కలిసి బిరడాలా బిగుసుకోవడంతోనే మొటిమ మొదలవుతుంది. సాలిసిలిక్ ఆమ్లానికి నూనెలో కరిగే గుణం ఉంది కాబట్టి, జిడ్డుతో నిండిన ఆ రంధ్రంలోకి దిగి బిరడాను వదులుచేస్తుంది. క్లినిక్‌లో 20 నుంచి 30 శాతం గాఢతలో పూస్తారు. కొన్ని నిమిషాలు బాగా మండుతుంది, తరువాత ముఖమంతా తెల్లని పొడి తేలుతుంది, ఆపైన మంట దానంతటదే తగ్గిపోతుంది. ఇది నిన్న మొన్న పుట్టిన వ్యాపారం కూడా కాదు. జర్మనీకి చెందిన చర్మవైద్యుడు పాల్ గెర్సన్ ఉన్నా 1882లోనే సాలిసిలిక్ ఆమ్లం, రిసార్సినాల్, ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం, ఫినాల్ చర్మంపై ఎలా పనిచేస్తాయో రాశారు.

నేనూ చామనఛాయ మనిషినే. నెల్లూరులో ఒక చర్మవైద్యురాలి దగ్గర పదిహేను రోజులకొకటి చొప్పున సాలిసిలిక్ పీల్స్ చేయించుకున్నాను. బ్లాక్‌హెడ్స్ బాగా తగ్గాయి, నల్లమచ్చలు పలచబడ్డాయి. అయితే మొదటి పీల్‌కు ముందు మూడు వారాల పాటు రాత్రి క్రీము, పగలు సన్‌స్క్రీన్ వాడించారు. ఆ తయారీ లేకుండా పీల్ చేయనని ఆవిడ మొదటిరోజే చెప్పారు. 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో 20 మందికి ముఖంలో ఒకవైపు 30 శాతం గ్లైకోలిక్ ఆమ్లం, రెండోవైపు 30 శాతం సాలిసిలిక్ ఆమ్లం రెండు వారాలకొకసారి ఆరుసార్లు పూసి చూశారు. రెండువైపులా మొటిమలు తగ్గాయి. చికిత్స ఆపిన రెండు నెలల తరువాత కూడా సాలిసిలిక్ వైపు ఆ మేలు నిలిచింది, దుష్ప్రభావాలు కూడా ఆ వైపే తక్కువగా కనిపించాయి. ఇంత ఆధారం ఉన్న చికిత్సను మన చర్మానికి పనికిరాదని ఒక్కమాటలో తోసేయడం న్యాయం కాదు.

నాగావళి:
పెన్నాతీరం గారు చెప్పిన అధ్యయనాన్ని ఆయన పక్షం నుంచే చూద్దాం. ఇరవై మంది మాత్రమే పాల్గొన్నారు. ముఖంలో రెండువైపులా ఏదో ఒక ఆమ్లం పూశారు తప్ప ఏమీ పూయని భాగం లేదు. మొటిమలు వాటంతట అవే ఎంత తగ్గేవో, పీల్ వల్ల ఎంత తగ్గాయో దాన్నిబట్టి తేల్చలేము. అమెరికా చర్మవైద్యుల అకాడమీ 2024లో ప్రచురించిన మొటిమల చికిత్సా మార్గదర్శకాలు బెంజాయిల్ పెరాక్సైడ్‌ను, రెటినాయిడ్ పూతమందులను, తీవ్రమైన మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలను గట్టిగా సిఫారసు చేశాయి. కెమికల్ పీల్స్ గురించి మాత్రం సిఫారసు చేయడానికి తగినంత ఆధారం లేదని చెప్పాయి. ఆధారం ఉన్న మందులు మెడికల్ షాపులో తక్కువ ధరకు దొరుకుతుండగా, ఆధారం చాలని చికిత్సకు వేలకు వేలు ఎందుకు కట్టాలి?

రెండో విషయం మరింత ముఖ్యమైనది. మన చర్మంలో రంగునిచ్చే కణాలు చురుకైనవి. చిన్న గాయమైనా, మంట అయినా, చివరికి మొటిమ అయినా ఆ చోట నల్లబడుతుంది. అమెరికా చర్మవైద్యుడు ఫిట్జ్‌పాట్రిక్ 1975లో ఎండకు స్పందించే తీరును బట్టి చర్మాన్ని వర్గీకరించారు; తరగతి సంఖ్య పెరిగేకొద్దీ చర్మం రంగు ముదురుగా ఉంటుంది. ఆ వర్గీకరణలో దక్షిణ భారతీయులం ఎక్కువమంది నాలుగు, ఐదు తరగతుల్లోకి వస్తాము. సరిగ్గా ఈ తరగతులవారికే పీల్ తరువాత నల్లమచ్చలు పడే అవకాశం ఎక్కువ. గ్లైకోలిక్ ఆమ్లపు అణువు చాలా చిన్నది, చర్మంలోకి వేగంగా దిగుతుంది, సమయానికి నీళ్లతోగాని సోడియం బైకార్బొనేట్ ద్రావణంతోగాని ఆపకపోతే లోపలికి దిగుతూనే ఉంటుంది. మా వీధిలో ఒక అమ్మాయికి పార్లర్‌లో ఈ పీల్ పూసి, ఆపవలసిన సమయం దాటనిచ్చారు. మొటిమలకన్నా పెద్ద నల్లమచ్చలు ఆ పిల్ల బుగ్గలపై చాలాకాలం నిలిచిపోయాయి. మచ్చలు పోగొట్టుకోవడానికి వెళ్లి మచ్చలు తెచ్చుకోవడం ఎంత బాధాకరమో ఆ ఇంటివారిని చూసి తెలుసుకున్నాను.

స్కిన్ ఓపీ:
నేను ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగంలో పీజీ చేస్తున్నాను. ఇద్దరూ చెప్పినవాటిలో నిజం ఉంది, కానీ ఇద్దరూ మూడు వేర్వేరు సమస్యలను ఒకటిగా కలిపి వాదిస్తున్నారు. మంజీర గారి చెల్లెలి ముఖం మీద ఆ మూడూ ఉన్నాయి కనుకనే వాటిని విడదీసి చెప్పడం అవసరం.

ఇప్పటికీ వస్తున్న మొటిమలు మొదటి సమస్య. వీటికి అసలు వైద్యం పూతమందులూ మాత్రలే. పీల్ వాటికి తోడుగా, ముఖ్యంగా చీము లేని చిన్న చిన్న పొక్కులకూ బ్లాక్‌హెడ్స్‌కూ ఉపయోగపడుతుంది తప్ప వాటి స్థానాన్ని భర్తీ చేయదు. రెండోది మొటిమ మానిన చోట మిగిలే నల్లమచ్చ. దీన్ని గుంటగా భావించి భయపడేవారు ఎక్కువ. ఇది రంగు మాత్రమే. కొత్త మొటిమలు ఆగి, సన్‌స్క్రీన్ శ్రద్ధగా వాడితే నెలల వ్యవధిలో చాలావరకు పలచబడుతుంది, తేలికపాటి పీల్ ఆ పనిని కొంత త్వరపరచగలదు. చామనఛాయ చర్మానికి మాండెలిక్ ఆమ్లాన్ని మేము తరచుగా ఎంచుకుంటాము, ఎందుకంటే దాని అణువు పెద్దది కావడం వల్ల నెమ్మదిగా, సమంగా దిగుతుంది.

మూడోది గుంట. ప్యాకేజీలు అమ్మేవారు జనాన్ని మోసగిస్తున్నది ఇక్కడేనని నేను బాధతో చెబుతున్నాను. తేలికపాటి పీల్ తొలగించేది చర్మపు పైపొరను మాత్రమే, దాని మందం మిల్లీమీటరులో సుమారు పదోవంతు. గుంట ఏర్పడేది దాని కింద ఉన్న పొరలో, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే మాంసకృత్తు నశించడం వల్ల. పునాది కుంగి గోడ సొట్టపడినప్పుడు పైన ఉన్న సున్నం గీకినందువల్ల గోడ సమం కాదు. ఆరు కాదు, పన్నెండు సాలిసిలిక్ పీల్స్ చేసినా సూదిపోటు గుంటలు పూడవు. అంచులు పైకి తేలి వాలుగా ఉండే గుంటలకు అడుగున పట్టి లాగుతున్న పీచును సూదితో తెంచే సబ్‌సిషన్ అవసరం. అంచులు నిటారుగా ఉండే వెడల్పాటి గుంటలకు సన్నని సూదులతో చర్మాన్ని గుచ్చే మైక్రోనీడ్లింగ్, లేజర్ కిరణాలను చుక్కలు చుక్కలుగా ప్రసరింపజేసే ఫ్రాక్షనల్ లేజర్ వంటివి ఆలోచిస్తారు.

సన్నగా, లోతుగా ఉండే సూదిపోటు గుంటలకు మాత్రం ఒక పీల్ పద్ధతి నిజంగా ఉంది. దాన్ని క్రాస్ అంటారు. కొరియా వైద్యులు 2002లో 65 మంది రోగులపై దీని ఫలితాలు ప్రచురించారు. ఆ రోగులు కూడా నాలుగు, ఐదు తరగతుల చర్మం గలవారే. 65 శాతం లేదా 100 శాతం ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లాన్ని పదునైన పుల్ల మొనతో, ముఖమంతా కాకుండా, ఒక్కొక్క గుంట అడుగున మాత్రమే తాకిస్తారు. క్షణాల్లో ఆ చుక్క తెల్లబడుతుంది. తరువాత పక్కు కట్టి రాలి, నెలల తరబడి లోపల కొత్త కొల్లాజెన్ ఏర్పడి గుంట లోతు తగ్గుతుంది. వారాల వ్యవధితో పలుమార్లు చేయాలి. చెయ్యి తప్పి చుట్టుపక్కల చర్మానికి తగిలితే గుంట వెడల్పవడం, నల్లబడడం, రంగు పోవడం కూడా జరుగుతాయి. ఇదే ఆమ్లాన్ని ఈ గాఢతలో ముఖమంతా పూస్తే శాశ్వతమైన మచ్చలు పడతాయి. అందుచేత కెమికల్ పీల్ మంచిదా చెడ్డదా అని అడగడం కన్నా, ఏ ఆమ్లం, ఎంత గాఢతలో, ఏ మచ్చకు, ఎవరి చేతిలో అని అడగడం అవసరం.

అద్దం:
నేను పదేళ్లుగా పార్లర్ నడుపుతున్నాను. జరిగిన ప్రతి పొరపాటునూ పార్లర్ల మీదికి నెట్టడం బాధగా ఉంది. మేము శిక్షణ తీసుకున్నాము, తక్కువ గాఢత గల లాక్టిక్, మాండెలిక్ పీల్స్ మాత్రమే వాడతాము, ముందుగా చెవి వెనుక పరీక్షించి చూస్తాము. మా ఊళ్లో చర్మవైద్యులు లేరు. జిల్లా కేంద్రానికి పోవాలంటే కూలి పోగొట్టుకొని ఒక రోజంతా వెచ్చించాలి. పేదింటి అమ్మాయికి మొటిమలు వస్తే ఎక్కడికి వెళ్లాలో కూడా చెప్పి అప్పుడు మమ్మల్ని తప్పుపట్టండి.

స్కిన్ ఓపీ:
అద్దం గారూ, మీ ప్రశ్న న్యాయమైనది, దూరాభారం నిజమే. కానీ పీల్ పూయడం ఈ పనిలో సులభమైన భాగం. ఎవరికి పూయకూడదో గుర్తించడమే కష్టం. మా ఓపీకి వచ్చేవారిలో ఎంతోమంది ముఖం తెల్లబడుతుందని ఎవరో చెబితే స్టెరాయిడ్ కలిసిన క్రీమును నెలల తరబడి రాసుకున్నవారే. ఈ దురలవాటుపై పోరాడటానికి దేశంలోని చర్మవైద్యుల సంఘం ఐఏడీవీఎల్ ప్రత్యేకంగా ఒక కార్యదళాన్నే ఏర్పాటు చేసింది. అలాంటి చర్మం పలచబడి ఉంటుంది, దానిపై మీ తేలికపాటి పీల్ కూడా అనుకున్నదానికన్నా లోతుగా దిగుతుంది. క్రీము పేరు అడిగితే వారు చెప్పరు, ఎందుకంటే అది స్టెరాయిడ్ అని వారికే తెలియదు. పెదవి మీద తరచూ జ్వరపు పొక్కులు వచ్చేవారు, ఆస్పిరిన్ పడనివారు, గర్భిణులు, గాయం మానేటప్పుడు కండ పెరిగే గుణం గలవారు, వీరందరినీ ముందే వేరుచేయాలి. ఐఏడీవీఎల్ 2008లో ప్రచురించిన ప్రామాణిక సూచనలు కూడా పీల్స్‌ను శిక్షణ పొందిన చర్మవైద్యులే చేయాలని చెబుతున్నాయి. మీ దగ్గరకు మొటిమలతో వచ్చిన అమ్మాయికి పీల్ చేయకుండా దగ్గరలోని ఆసుపత్రికి పంపితే, అక్కడ ఎంబీబీఎస్ వైద్యుడు రాసే పూతమందులతోనే చాలామందికి నయమవుతుంది. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో చర్మ విభాగం ఉంటే ఖర్చు కూడా పెద్దగా కాదు.

నాగావళి:
క్రాస్ గురించి వివరించినందుకు కృతజ్ఞతలు. గుంటల విషయంలో మీరు చెప్పిన తేడా నాకు కొత్తది, అంగీకరిస్తున్నాను. కానీ నల్లమచ్చల విషయంలో నా అభ్యంతరం అలాగే ఉంది. నెలల్లో వాటంతట అవే పలచబడే మచ్చల కోసం, మళ్లీ నల్లబడే ప్రమాదం ఉన్న చికిత్స ఎందుకు? ఆన్‌లైన్‌లో సీసాలు తెప్పించుకొని ఇంట్లో పూసుకునేవారిని చూస్తే భయం మరింత పెరుగుతోంది. వైద్య పర్యవేక్షణ లేకుండా గాఢమైన పీల్ సీసాలను కొని వాడవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 జులైలో హెచ్చరించింది. పీల్ మంచిదని పొగిడే ప్రతి మాటా చివరికి ఆ సీసాలు కొనేవారినే పెంచుతుంది.

పెన్నాతీరం:
ఇంట్లో పూసుకోవడం తప్పని నేనూ అంటాను, దానికి వైద్యురాలి చేతి చికిత్సను దోషిని చేయకండి. ఆధారం చాలదంటే పనిచేయదని తేలిపోయినట్లు కాదు, పెద్ద అధ్యయనాలు ఇంకా జరగలేదని అర్థం. పైగా మీరు ఒక సంగతి వదిలేస్తున్నారు. మొటిమను అలాగే వదిలేసినా మన చర్మం నల్లబడుతుంది, గిల్లుకుంటే గుంటపడుతుంది. చికిత్స ఆలస్యమైన ప్రతి నెలా కొత్త మచ్చలు చేరుతూనే ఉంటాయి. పూతమందుల వల్ల మొదటి వారాల్లో ముఖం పొడిబారి, మంటపుట్టి, మధ్యలోనే మానేసేవారు ఎందరో ఉన్నారు. అలా మానేయబోయిన నేను, పీల్ వల్ల కంటికి కనిపించే మార్పు వచ్చినందువల్లనే మందులు కొనసాగించాను. కొలతలకు అందకపోయినా ఆ ధైర్యం నా విషయంలో విలువైనది.

స్కిన్ ఓపీ:
మంజీర గారూ, పెళ్లి దగ్గరపడుతోంది కనుక మీ చెల్లెలి విషయానికే వస్తాను. నెలసరి క్రమం తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు పెరగడం వంటివి ఉంటే ముందుగా హార్మోన్ల పరీక్షలు అవసరం. కారణం అండాశయాల్లో ఉంటే, దాన్ని పట్టించుకోకుండా ముఖానికి ఎన్ని పూతలు వేసినా మొటిమలు మళ్లీ వస్తాయి. ఐసోట్రెటినోయిన్ మొదలుపెట్టమని వైద్యులు చెబితే పెళ్లి తేదీ తప్పక తెలియజేయండి. ఆ మందు వాడుతున్నప్పుడు, ఆపిన తరువాత ఒక నెల వరకు గర్భం రాకూడదు, వస్తే బిడ్డకు తీవ్రమైన అవకరాలు కలగవచ్చు. పెళ్లికూతురికి ఈ మాట చెప్పకుండా మందు రాయకూడదు. ఆ మందు వాడినవారికి ఆరు నెలల దాకా ఏ పీల్ చేయరాదని మునుపు అనేవారు. తేలికపాటి పీల్స్‌ను అంతకాలం వాయిదా వేయడానికి బలమైన ఆధారం లేదని 2017లో నిపుణుల బృందం తేల్చింది.

పీల్ చేయించదలచుకుంటే ఆఖరి సిట్టింగుకూ పెళ్లికీ మధ్య కనీసం నెల రోజులు ఉంచండి. పీల్‌కు ముందు వారం, తరువాత వారం త్రెడింగ్, బ్లీచ్, వాక్సింగ్ వద్దు. పొట్టు రాలేటప్పుడు గిల్లకూడదు, నలుగు పెట్టి రుద్దకూడదు. పెళ్లికి వారం ముందు ఎవరైనా కొత్త పీల్ చేస్తామంటే ఒప్పుకోవద్దు. గుంటలకు క్రాస్ చేయించే ఆలోచన ఉంటే పెళ్లి తరువాతే మంచిది. పక్కులు, ఎరుపు పూర్తిగా తగ్గడానికి సమయం పడుతుంది, ఫలితం కనబడడానికి నెలలు పడుతుంది.

మంజీర:
అందరికీ ధన్యవాదాలు. ప్యాకేజీకి డబ్బు కట్టలేదు. ఆరు సిట్టింగులలో ఏ ఆమ్లం, ఎంత గాఢతలో వాడతారని, గుంటలకు ఏ పద్ధతి చేస్తారని క్లినిక్‌కు ఫోన్ చేసి అడిగాను. ఆ వివరాలు డబ్బు కట్టిన తరువాత చెబుతామన్నారు. అమ్మానాన్నలకు ఈ సమాధానాన్నీ ఇక్కడి వాదనలనూ వినిపించాక, చర్మవైద్యుల దగ్గరకు వెళ్లడానికి ఒప్పుకున్నారు. చెల్లెలికి నెలసరి క్రమంగా రావడం లేదన్న సంగతి కూడా స్కిన్ ఓపీ గారి మాటల తరువాతే మాకు చెప్పింది. ముందు ఆ పరీక్షలు చేయిస్తాము. నల్లమచ్చలకు పీల్ వాడాలా వద్దా అన్నది, పూతమందులు కొన్ని నెలలు వాడి చూశాక, వైద్యులూ తనూ కలిసి నిర్ణయించుకుంటారు.