మేధో వైకల్యం ఉన్నవారు ఉద్యోగంలో నిలదొక్కుకోవడానికి పనిచోట ఏ మార్పులు తోడ్పడ్డాయి?

గోదారిగట్టు: మా తమ్ముడికి మేధో వైకల్యం ఉన్నట్టు సదరం ధ్రువపత్రం ఉంది. వచ్చే నెల రాజమహేంద్రవరంలోని ఒక సూపర్ మార్కెట్‌లో సరుకులు సర్దే పనిలో చేరబోతున్నాడు. పని చేయలేడేమోనన్న భయం మాకు లేదు గానీ, అక్కడివారు అతనితో ఎలా మెలగాలో వారికి ఎవరు చెబుతారన్నదే బెంగ. యాజమాన్యాన్ని ఏమేం అడగమంటారు?

బోయినపల్లి అమ్మ: మా అమ్మాయి ఒక హోటల్లో గదులు సర్దుతుంది. "గది శుభ్రం చెయ్యి" అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నిలబడిపోయేది. పనిచోటికే వచ్చి పని నేర్పే జాబ్ కోచ్ పనిని విడగొట్టి, దుప్పటి పరచడం, నాలుగు మూలలూ లోపలికి దోపడం, దిండ్లు పెట్టడం, చివరికి సూపర్‌వైజర్‌ను పిలవడం అనే వరుసలో ఫోటోలు తీసి అల్మరా తలుపు లోపల అంటించారు. ఆ తరువాత ఆమెకు ఎవరి తోడూ అవసరం పడలేదు. అయితే సూపర్‌వైజర్ మారినప్పుడు, కొత్తాయన ఒకేసారి మూడు పనులు పురమాయించి, ఆమె కదలకపోతే మొండితనం అన్నారు. అందుకే ఎవరో ఒక్కరే పని చెప్పాలనీ, ఆ వ్యక్తి మారితే పద్ధతంతా కొత్తవారికి అప్పగించాలనీ ముందే రాయించుకోండి.

హెచ్ఆర్ ఉద్యోగి, హైదరాబాద్: అలా అడిగే హక్కు మీకుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్నచోట దివ్యాంగుల వ్యవహారాలు చూసే లైజన్ ఆఫీసర్ పేరు కూడా అందులో ఉండాలి. ఆ చట్టం దివ్యాంగులకు ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్ మాత్రం ప్రభుత్వోద్యోగాలకే పరిమితం. దానికి ముందున్న 1995 చట్టం ఇచ్చిన 3 శాతంలో మేధో వైకల్యానికి అసలు చోటే లేదు.

బేకరీ యజమాని, విశాఖ: చట్టం సరే, మా దగ్గర అసలు చిక్కు జాలితో వచ్చింది. అట్టపెట్టెలు మడిచే కుర్రాడు నెమ్మదిగా చేస్తున్నాడని తోటివారు అతని చేతిలోంచి పని లాగేసుకునేవారు, చివరికి అతను ఊరికే కూర్చోవలసి వచ్చేది. ఆ బల్ల మీది పని అతనిదేనని అందరి ముందూ చెప్పాక వేగం దానంతటదే పెరిగింది. ఇంటర్వ్యూ ప్రశ్నలకు బదులు ఒక పూట పని చేయించి చూడమనడం మంచిది. షిఫ్టు మారితే ఆ సంగతి ఇంటివారి కంటే ముందు అతనికే చెప్పమనండి.

గోదారిగట్టు: చాలా మేలు చేశారు. మరొక్క సందేహం. జీతం ఖాతాకు సంరక్షకుడి పత్రం తెమ్మని బ్యాంకువారు అంటున్నారు, తప్పదా?

హెచ్ఆర్ ఉద్యోగి, హైదరాబాద్: కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆ పత్రం ఇస్తుంది. కానీ మీ తమ్ముడు సంతకం చేసి, డబ్బు లావాదేవీ అర్థం చేసుకోగలిగితే దాని జోలికి ముందే వెళ్లకండి. ఇతరులతో సమానంగా తన ఆర్థిక వ్యవహారాలు చూసుకునే హక్కు 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 13వ సెక్షన్ అతనికి ఇచ్చింది. అది చూపించి, కాదంటే కారణం రాతపూర్వకంగా ఇమ్మని మేనేజర్‌ను అడగండి.