చెదలు తిన్న ఖురాన్, భాగవతం, బైబిల్: ఎట్లా సాగనంపాలి?

కడప_పఠనమందిరం:
మా పఠనమందిరం బీరువా సర్దుతుంటే పనికిరానివి ఇన్ని తేలినాయి: అరబ్బీ ఖురాన్లు 3, తెలుగు ఖురాన్ 1, అట్టలూడిన పోతన భాగవతం 2 సంపుటాలు, తెలుగు బైబిళ్లు 4, ఒక తాటాకు కట్ట. పాత పేపర్ల అంగడికి వేస్తే రేపు బజ్జీల పొట్లాలై తిరిగొస్తాయి, అది మాత్రం వద్దు. అన్నీ మూటగట్టి పెన్నలో వేద్దామని కమిటీలో ఒకాయన మాట. సరేనా?

పెద్దదర్గా_వీధి:
పెన్న మాట మర్చిపోండన్నా. నీళ్లలో వదలాలంటే లోతుండాలి, ప్రవాహముండాలి, మూటకు బరువైన రాయి కట్టాలి. మన పెన్నలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. నాలుగు రోజులకు పేజీలు ముళ్లకంపకు తగులుకుంటాయి, చూసినోళ్లు ఎవరో కావాలనే పారేసినారనుకుంటారు.

ఖురాన్‌కు హనఫీ (సున్నీల్లో ఒక ధర్మశాస్త్ర సంప్రదాయం) పద్ధతిలో మేలైనది పూడ్చడం. ప్లాస్టిక్ కవరుంటే తీసేయండి, అట్టను మాత్రం పుస్తకంతోనే ఉంచండి. శుభ్రమైన తెల్ల నూలుగుడ్డలో చుట్టాలి. ఖబరస్తాన్‌లో మనుషులు నడవని మూల, వాననీళ్లు పారని మెరక చూసి నడుములోతు గుంట తీయాలి. అడుగున పక్కగోడలోకి గూడులాగా తొలిచి, మూటను అందులో పెట్టాలి. మట్టి నేరుగా గ్రంథం మీద పడకూడదనే ఆ గూడు. నేల వదులుగా ఉండి గూడు నిలవకపోతే మామూలు గుంటే తీసి, మూటకు తగలకుండా పైన ఒక కడప బండ పరిచి, ఆ తర్వాత మట్టి. లోతు తక్కువైతే కుక్కలు తవ్వుతాయి.

కాల్చడం పూర్తిగా నిషిద్ధమేమీ కాదు. ఖలీఫా ఉస్మాన్ ప్రామాణిక ప్రతి సిద్ధం చేయించి మిగతావి కాల్పించినారని హదీసులోనే ఉంది. కానీ పొగ చూసినోడికి మీ ఉద్దేశం కనపడదు కదా. ఆఫీసుల్లో పేపరు ముక్కలు చేసే మిషను కూడా వద్దు, పొడుగు పేలికల్లో పదాలు చదివేటట్లే మిగులుతాయి.

ఇదంతా మీరే చేయాల్సిన పని లేదు. మసీదులో ఇమాం సాబ్‌కు అప్పగిస్తే చాలు.

అనంత_పాతపుస్తకాలు:
ఆగండి, ఆ తెలుగు ఖురాన్ ఎవరి అనువాదమో ముందు చూడండి. అనంతపురంలో తెలుగు చెప్పిన చిలుకూరి నారాయణరావు గారిదైతే పూడ్చే వస్తువు కాదది, దాచే వస్తువు.

భాగవతానికీ అంతే. అట్ట ఊడినంత మాత్రాన పుస్తకం చచ్చిపోదు. లోపలి మడతలు గట్టిగా ఉంటే మళ్లీ కుట్టించి బైండింగు చేయించండి. పొడి అయిపోయిన పేజీలు మాత్రమే వేరు చేసి, పిన్నులు, రంగు అట్ట తీసి, రావిచెట్టు మొదట్లో పూడ్చండి. మనకు దీనికంటూ ఒకే శాస్త్రవిధి లేదు. కాలు తగిలితే కళ్లకద్దుకునే అలవాటే అసలు కొలమానం: తొక్కుడు పడని చోటు కావాలి.

రాజంపేట_లా:
చట్టం సంగతి. పాత ఐపీసీ 295, 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 298. పవిత్ర వస్తువును పాడుచేస్తే రెండేళ్ల దాకా శిక్ష, అయితే అవమానించే ఉద్దేశమన్నా ఉండాలి, ఆ మతంవాళ్లు అవమానంగా తీసుకుంటారని తెలిసన్నా ఉండాలి. బైబిల్, ఖురాన్, గ్రంథ్ సాహెబ్ లాంటివి ఈ సెక్షన్ కిందికి వస్తాయని 1958లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఉద్దేశం మంచిదే, కానీ అది కాగితం మీద కనపడాలి. ఏ పుస్తకం ఎవరికి ఇచ్చినారో జాబితా రాసి, తీసుకున్నోళ్ల సంతకం పెట్టించండి. పగటిపూటే చేయండి. మూడు మతాలవీ ఒకే మూట, ఒకే గుంట వద్దు. ఫొటో తీసి స్టేటస్ పెట్టే సరదా అసలే వద్దు.

కడప_పఠనమందిరం:
బైబిళ్లు, తాటాకు కట్ట మిగిలినాయి.

అనంత_పాతపుస్తకాలు:
ప్రొటెస్టెంట్లకు వాక్యమే పవిత్రం, కాగితానికి ప్రత్యేక విధి లేదు. ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) వాళ్లు మాత్రం ఆశీర్వదించిన వస్తువును కాల్చి బూడిద పూడుస్తారు, లేదా అట్లే పూడుస్తారు. ఏ సంఘానివైతే ఆ చర్చికి ఇవ్వండి. ఇచ్చేముందు మొదటి పేజీలు తిరగేయండి, కుటుంబాల పుట్టుకలు, పెళ్లిళ్లు అక్కడ రాసుకునే అలవాటుంది.

తాటాకు కట్టను ఏ ఏటికీ ఇవ్వొద్దు! ఎర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది, అక్కడ చూపించండి. అంతదాకా దారం విప్పొద్దు, తడిగుడ్డతో తుడవొద్దు, ఎండలో పెట్టొద్దు. ఎండిన ఆకు వంచితే ఫెళ్లున విరుగుతుంది. రెండు చెక్కల మధ్య ఎట్లుందో అట్లే నూలుగుడ్డలో చుట్టి, చెదల పుస్తకాలకు దూరంగా పెట్టండి.